ఏదిగారూ కోడిపెట్ట కేసూ

ఏదిగారిని ఏదైనా అడగాలంటే ముందు అడగడం నేర్చుకోవాలి. వస్తువు ఆయన చేతిలోనే ఉండొచ్చు, అది మీ సొంతమే కావచ్చు, అయినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే మీ చేతికి రాదు. "ఏది?" అంటారు. తర్వాత "ఎప్పటిది?" అంటారు. ఆ తర్వాత "ఎక్కడిది?" అంటారు. కోర్టులో తేలిపోయిన కేసుల కట్టలన్నీ దాచే గదికి ఆయన గుమస్తా. నకళ్లు కావాలని వచ్చేవాళ్లని ఆ గది కిటికీ వెనక కూర్చుని ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. దాంతో అసలు పేరు జీతం కాగితానికే పరిమితమై, అందరి నోటా ఏదిగారైపోయారు.

కిటికీ దగ్గర ఆ ప్రశ్నలు ఉండాల్సినవే. చిక్కల్లా ఆయన వాటిని సంచిలో పెట్టుకుని రోజూ ఇంటికి కూడా తెచ్చుకోవడంతోనే.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో, ఆయన అలమర ముందు నిలబడి ఉండగా, "మావయ్యగారూ, ఆ గిన్నె కాస్త ఇలా ఇస్తారా?" అంది.

"ఏ గిన్నమ్మా?"

"అదేనండీ... ఆ గిన్నె."

"'అదే' అనే గిన్నె మనింట్లో లేదు."

అసలే ఆ పిల్ల మాటలు తక్కువ మనిషి. కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. "పై అర, ఎడం పక్క, చెవి విరిగిన గిన్నె అని చెప్పవే తల్లీ! లేకపోతే ఇవాళ మనకి తిండి లేదు."

కోడలు అలాగే చెప్పింది. ఆ మాట పూర్తయ్యేలోపే గిన్నె చేతిలోకొచ్చింది. "చూశావా, ఎంత తేలికో" అన్నారు ఏదిగారు, లోకానికి మేలు చేసినవాడిలా. ఆ రోజునుంచి కోడలు ఆయన్ని ఏదీ అడక్కుండా బతకడం అలవాటు చేసుకుంది. స్టూలు ఎక్కి తనే తీసుకునేది.

అత్తయ్య మాత్రం అడక్కుండా ఉండలేదు, అడిగి ఊరుకోలేదు.

"ఏమండీ, పన్ను నొప్పి."

"ఏది?"

"నొప్పి పుట్టేది!"

"పైదా, కిందిదా? ఎప్పటినుంచి?"

"మిమ్మల్ని చేసుకున్నప్పటినుంచి!"

ఆయన అదేమీ పట్టించుకోకుండా వివరాలన్నీ రాబట్టి పళ్ల డాక్టరుకి అప్పజెప్పారు. డాక్టరు అంతా విని, "ఇంక నేను చూసేదేముందండీ, పీకడమే" అన్నాడట. పీకాక బుగ్గ వాచి అత్తయ్య మంచం పట్టింది. ఏదిగారు ఆ వారమంతా సెలవు పెట్టి ఆవిడకి సేవ చేశారు.

సరిగ్గా ఆ వారంలోనే కోడలి తమ్ముడు కోర్టుకి వెళ్లాడు.

అతను డ్రైవరు. ఒక స్కూలువాళ్లు పిల్లల బస్సు నడపడానికి తీసుకుంటామన్నారు. అన్నీ కుదిరాయనుకుంటుండగా, పోలీసుల దగ్గర విచారిస్తే పాత కేసొకటి బయటపడింది. అక్క పెళ్లికి ముందు ఏడాది బస్టాండులో డ్రైవర్లు కొట్టుకున్నారు. విడదీయబోయినవాళ్ల పేర్లు కూడా పోలీసులు గంపగుత్తగా రాసేశారు. అందులో ఇతనొకడు. తర్వాత కోర్టు ఆ కేసు కొట్టేసింది. "కొట్టేశారన్న కోర్టు కాగితం తెచ్చి చూపించు, రేపే బస్సెక్కు. వచ్చే వారం శుక్రవారం సాయంత్రానికి తేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం" అన్నాడు స్కూలు మేనేజరు.

తమ్ముడు స్టేషనుకి పరిగెత్తాడు. వాళ్లు మొదట రాసుకున్న ఫిర్యాదు నకలు ఇచ్చారు. దాని మీదున్న నంబరు పట్టుకుని కోర్టు కిటికీ దగ్గరికెళ్తే, ఏదిగారి స్థానంలో పక్క బల్ల గుమస్తా ఉన్నాడు. ఏది అనలేదు, ఎక్కడిది అనలేదు. నంబరు చూసి, ఆ నంబరు కట్ట తీసి, నకలు చేతిలో పెట్టాడు. ఎంత మంచివాడో అనుకుంటూ తమ్ముడు దాన్ని చదవకుండానే మేనేజరుకిచ్చాడు.

మేనేజరు చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఏమయ్యా, ఇందులో ముద్దాయి అరవై దాటిన ఆడమనిషి."

"ఆఁ?"

"పొరుగింటి కోడిపెట్టని చీపురుతో కొట్టిందట. మందలించి వదిలేశారు. ఈవిడ నీకేమవుతుంది?"

సోమవారం పొద్దున్నే తమ్ముడు అక్క ఇంటి పెరట్లో వాలాడు. "అక్కా, మావయ్యగారు సెలవయ్యాక ఇవాళేగా కోర్టుకి వెళ్లేది? నువ్వే అడగాలి."

"నేనా? గిన్నె అడిగితేనే నాకు చెమటలు పట్టాయిరా."

"మరి నేను కోళ్లని కొట్టే ముసలమ్మగా మిగిలిపోనా?"

నవ్వు రావాల్సిన మాటే కానీ కోడలికి రాలేదు. పెళ్లి మాటల్లో ఈ కేసు సంగతి ఎత్తొద్దని పుట్టింటివాళ్లు గట్టిగా చెప్పారు. ఎత్తలేదు. అప్పటినుంచీ అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు మూడు ప్రశ్నలకి జవాబు చెబితే మావయ్యగారు నాలుగోది అడగరా? ఎందుకు దాచావు అనరా? అడక్కపోతే తమ్ముడి ఉద్యోగం పోతుంది. అడిగితే ఈ ఇంట్లో తన మాట పోతుంది. తమ్ముడి ముఖం చూసి, కొంగు దోపుకుని ముందు గదిలోకి నడిచింది.

ఏదిగారు పేపరు చదువుతున్నారు.

"మావయ్యగారూ... ఒక కాగితం కావాలి."

"ఏది?"

"కోర్టుది."

"కోర్టంతా కాగితాలేనమ్మా. ఏది?"

"కేసు కొట్టేసినట్టు రాసింది."

"ఎప్పటిది?"

"మా పెళ్లికి ముందు ఏడాదిది."

"ఎక్కడిది?"

"బస్టాండు దగ్గర... గొడవ."

"ఫిర్యాదు చేసినవాళ్లా, ముద్దాయిలా?"

"ముద్దాయే."

"పేరు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. కోడలు తమ్ముడి పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, తల వంచుకుని నిలబడింది.

ఏదిగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఇంటిపేరు ముందు రాశారా, వెనక రాశారా?"

"...ఆఁ?"

"పోలీసులు. కొందరు ముందు రాస్తారు, కొందరు వెనక రాస్తారు, కొందరు అసలు రాయరు. మన పుస్తకంలో వెతకడానికి అది తెలియాలి."

అంతే. ఇంకేమీ లేదు. తమ్ముణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టి విడమర్చి చెప్పారు. "స్టేషనులో వేసే నంబరు స్టేషనుది. కోర్టుకొచ్చాక కేసుకి వేరే నంబరు పడుతుంది, పెళ్లయ్యాక ఆడపిల్లకి ఇంటిపేరు మారినట్టు. పాత నంబరుతో వస్తే పరాయి ఇల్లే తగులుతుంది."

"కోడిపెట్ట ఇల్లు తగిలిందండీ" అన్నాడు తమ్ముడు నీరసంగా.

"ఆ స్టేషను కేసులు ఏ కోర్టుకి వెళ్తాయో చూసి, సంవత్సరం, పేర్లు పట్టుకుని కోర్టు నంబరు తీయాలి. ఆ నంబరు మీద చివరి ఉత్తర్వు నకలు ఇప్పించమని రాయి. కాగితాలన్నీ అని రాశావో, సాక్షులు చెప్పిన బూతులు కూడా నకలు తీసి ఇస్తాం. చదివినవాళ్లకి కొట్టేసిన సంగతి గుర్తుండదు, బూతులే గుర్తుంటాయి. నీ పేరు ఫిర్యాదులో ఎలా ఉంటే అలాగే రాయి. గుర్తింపు కార్డు తెచ్చుకో. వరసలో నిలబడు."

"వరసలోనా? మీరుండగా?"

"నేనుండేది వరసలో ఉన్నవాళ్ల కోసమే."

కోడలు కూడా వెళ్లి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుంది. వరస నత్తనడక నడిచింది. చివరికి తమ్ముడి ముఖం కిటికీలోకి చేరింది.

"ఎవరు మీరు?" అన్నారు ఏదిగారు.

"నేనండీ, మావయ్యగారూ..."

"ఇక్కడ మావయ్యలెవరూ లేరు. ఏది కావాలి?"

తమ్ముడు బిత్తరపోయి చూశాడు. పొద్దున ఇతని కంచంలో బలవంతాన రెండోసారి కూర వేసిన మనిషే ఇప్పుడు కార్డు మీది ఫోటోని వెలుగులోకి పట్టుకుని, అతని ముక్కుతో పోల్చి చూస్తున్నారు. "అక్కా, ఇంతకన్నా కోడిపెట్ట గుమస్తానే నయం" అన్నట్టు ఒక చూపు బెంచీ వైపు విసిరాడు.

అప్పుడు ఆ గుమస్తాయే పక్క బల్ల మీంచి మెడ సాచాడు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు అతనికి తెలియాలి, తర్వాత కోర్టంతటికీ తెలుస్తుంది. "ఎవరండీ ఈ కుర్రాడు? ఎక్కడో చూసినట్టుందే. ఇంత పాత కేసు ఇప్పుడెందుకట? సంబంధం ఏదైనా చూస్తున్నారా? కారణం దగ్గర ఏమీ రాయలేదే?"

"తన కేసు కాగితం తను అడుగుతున్నాడు. కారణం రాయక్కర్లేదు."

"అబ్బే, ఊరికే తెలుసుకుందామని."

ఏదిగారు కలం కింద పెట్టారు. కుర్చీతో సహా అతని వైపు తిరిగారు. "ఏది తెలుసుకోవాలి? ఎప్పటినుంచి తెలుసుకోవాలనుంది? ఎవరు తెలుసుకోమన్నారు?"

గుమస్తా మెడ తాబేలు తలలా వెనక్కి వెళ్లిపోయింది. వరసలో వెనకున్న ఒకామె చేతిలోని దరఖాస్తుని అప్పటిదాకా కొంగుకింద దాచుకుని ఉంది. మెల్లగా బయటికి తీసింది.

బెంచీ మీద కోడలు అదంతా చూసింది. మావయ్య అని పిలవనివ్వకపోవడం ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పెళ్లిచూపుల్లో ఆమెను చదువెందుకు మానేశావని వచ్చినవాళ్లంతా తలా ఒకసారి అడిగారు. ఈయన ఒక్కరే, "ఏ తరగతి? ఏ బడి? ఏ పాఠం దాకా వచ్చావు?" అన్నారు. పాఠం పేరు చెబితే, "బాగుంటుంది ఆ పాఠం" అన్నారు. లోకంలో ఉన్న ప్రశ్నలన్నీ వేసే మనిషి, ఎందుకని మాత్రం ఎవర్నీ అడగడు.

సాయంత్రం ఇంటికొస్తూ ధైర్యం చేసి ఆ మాటే అంది.

"ఏది కావాలో తెలిస్తే వెతుకుతాను" అన్నారాయన. "ఎందుకో తెలిస్తే ఇంకా బాగా వెతుకుతానా ఏం? ఎందుకని ఎవరో అడిగారని దరఖాస్తు చింపుకుని వెళ్లిపోయినవాళ్లని చూశానమ్మా. వాళ్లు మళ్లీ రారు. వాళ్ల కాగితం మాత్రం లోపల అలాగే పడి ఉంటుంది."

శుక్రవారం మధ్యాహ్నం నకలు వచ్చింది. తమ్ముడు ఈసారి మెట్లమీదే నిలబడి, కోడి గాని చీపురు గాని ఎక్కడా లేవని చూసుకుని, మేనేజరు దగ్గరికి ఒక్క పరుగు తీశాడు. ఉద్యోగం ఖాయమైందన్న కబురుతో చీకటి పడకముందే తిరిగొచ్చి, అక్క చేతులు పట్టుకుని ఊపేశాడు.

ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. ముందు గదిలో ఏదిగారు పేపరు తీశారు. అత్తయ్య నోరు దురద పెడుతున్నా, భర్త చూపు చూసి బిగబట్టుకుని కూర్చుంది. అడగరని తేలిపోయేసరికి కోడలికే చెప్పాలనిపించింది. పీట లాక్కుని కూర్చుని బస్టాండు గొడవ మొదటినుంచి చెప్పింది, పెళ్లి మాటల్లో ఎందుకు దాచారో కూడా చెప్పింది. ఆ పిల్ల అంతసేపు మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"ఇంతకీ ముందు చెయ్యి చేసుకున్నదెవరే?" అంది అత్తయ్య, ఇంక ఆగలేక.

"అవునమ్మా, అది చెప్పు" అన్నారు ఏదిగారు పేపరు దించి. "కట్టలో అది లేదు. అప్పుడే చూశాను."

"అప్పుడంటే?" అంది అత్తయ్య.

"ఆ కేసు కట్ట మా గదికొచ్చినప్పుడు సర్ది పెట్టింది నేనేగా. తర్వాత సంబంధం వచ్చింది. పెళ్లి మాటల్లో కుర్రాడి పేరు వినగానే తెలిసింది. కొట్టేసిన కేసు, దానికేం?"

కోడలికి ఇన్నాళ్ల ముల్లు ఎటు పోయిందో తెలియలేదు, గొంతులోంచి నవ్వొచ్చింది. అత్తయ్యకి మాత్రం నవ్వు రాలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"అయితే ఊళ్లోవాళ్ల కేసులన్నీ కడుపులో పెట్టుకుని నాతో కాపురం చేస్తున్నారన్నమాట! ఏమండీ, మిమ్మల్నే. మా అన్నయ్యవి కూడా ఏమైనా ఉన్నాయా ఆ గదిలో?"

ఏదిగారు పేపరు పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.