కొక్కెం విప్పగానే ఆరిపోయే దీపాలు

ఎనభైల మొదట్లో నేను గల్ఫ్‌లో, సజ్జా అనే చోట ఒక వర్క్‌షాపులో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. మా కంపెనీకి అల్ ఐన్ చుట్టుపక్కల ఖర్జూర తోటలుండేవి. తోట పనివాళ్ల కోసం ఒక కారవాన్‌ను ఆస్పత్రిగా మార్చి, పికప్ వెనక తగిలించి తోట తోటకూ లాక్కెళ్లేవారు. అందులో వైద్యం చేసే డాక్టరుగారిది గుంటూరు వైపు.

లోపల దీపాలు వెలగడం లేదని ఆ కారవాన్ ఒకే నెలలో మూడోసారి నా దగ్గరికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నేను స్విచ్చి వేస్తే నాలుగు బల్బులూ చక్కగా వెలిగేవి. మొదటిసారి కారవాన్‌లోనే ఉండే బ్యాటరీ మార్చాను. రెండోసారి ఫ్యూజులు, స్విచ్చి, చివరికి బల్బులు కూడా మార్చాను. మూడోసారి డాక్టరుగారు డ్రైవరు చేతికి ఒక చీటీ ఇచ్చి పంపారు. "నీ దగ్గర వెలుగుతున్నాయట. నా దగ్గర వెలగడం లేదు. రోగులు నా దగ్గరే ఉన్నారు" అని రాసి ఉంది.

ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. మా ఊరి దగ్గర మోటారు వైండింగు షాపులో పని నేర్చుకున్నవాణ్ణి. తప్పు దొరక్కుండా మోటారు గడప దాటితే పని నేర్పిన మా ఉస్తాద్ ఊరుకునేవాడు కాదు.

మా ఫోర్‌మన్ కడప మనిషి. అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. "ఇంగో బ్యాటరీ ఏసి పంపించప్పా, ఖలాస్" అన్నాడు.

"బ్యాటరీల ఏం లేదు భాయ్. నేను బండెంట అల్ ఐన్ పోత. ఆరిపోయేది నా కండ్లతోని చూడాలె."

"ఈడ ఇన్ని బండ్లు పడుండాయి. ముదీర్ అడిగితే ఏం చెప్పల్ల?" ముదీర్ అంటే మా మేనేజరు.

"శుక్రారం సెలవు తీసుకోకుండ అవన్ని చేస్త. ఒక్క దినం ఇయ్యి."

"పో. దొరక్కపోతే మాత్రం ఆ కారవాన్ మాట మళ్లీ నా కాడ ఎత్తొద్దు" అన్నాడు.

మర్నాడు పొద్దున మేం తోట చేరేసరికి ఇసుక గాలి రేగింది. కిటికీలన్నీ మూసేశారు. స్విచ్చి వేశాను, దీపాలు వెలిగాయి. వాటినే చూస్తూ లోపల నిలబడ్డాను. డ్రైవరు ఇంకో తోట నుంచి రోగులను తీసుకురావాలని కేబుల్ పీకి, కొక్కెం విప్పి, పికప్‌తో వెళ్లిపోయాడు. విప్పిన క్షణమే బల్బులు నిప్పుకణికల్లా ఎర్రబడి ఆరిపోయాయి.

అప్పుడు తెలిసింది. వర్క్‌షాపులో కారవాన్‌ను ఎప్పుడూ పికప్‌కు తగిలించి ఉంచే చూసేవాణ్ణి.

అప్పటికే అరచేతిలో ఖర్జూరపు ముల్లు విరిగిన పనివాడొకడు వచ్చి కూర్చున్నాడు. డాక్టరుగారు టార్చి పళ్లతో పట్టుకుని పని మొదలుపెట్టారు. నేను టెస్ట్ ల్యాంపు తీసుకుని కారవాన్ కిందికి దూరాను.

కరెంటు బ్యాటరీ నుంచి వెళ్లడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి కావాలి. ఇక్కడ తిరిగొచ్చే దారి కారవాన్ అడుగు చట్రం, అంటే చాసిస్ ఇనుమే. పికప్ తగిలించి ఉన్నంతసేపూ కరెంటు కొక్కెం, పికప్, కేబుల్ గుండా చుట్టు తిరిగి బ్యాటరీకి చేరుతోంది. విప్పగానే ఆ దారి పోతోంది. బ్యాటరీని చాసిస్‌కు కలిపే కారవాన్ సొంత ఎర్త్ వైరు ఒక బోల్టు కింద బిగించి ఉంది. లాగితే గట్టిగానే ఉంది. అందుకే ముందు రెండుసార్లూ చూసి వదిలేశాను. ఈసారి స్క్రూడ్రైవరుతో గీకాను. పైన పెయింటు, దాని కింద అంతా తుప్పు.

నట్టు కదల్లేదు. బలంగా తిప్పితే బోల్టే విరిగింది. చేతి కణుపులు చెక్కుకుపోయాయి. డ్రిల్ తెచ్చుకోలేదు. చుట్టూ వెతికితే మెట్టును పట్టి ఉంచే బోల్టు కనిపించింది. దాన్ని విప్పి, ఆ చోట గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, ఎర్త్ వైరును అక్కడ బిగించాను.

పైన వెలుగొచ్చింది. లోపలికి వెళ్లి, "సార్, ఎట్లున్నయి?" అన్నాను.

డాక్టరుగారు టార్చి పక్కన పెట్టి ఆ అరచేతి మీదికి వంగారు. "ఉండవయ్యా. ముల్లంతా వచ్చేసిందనుకున్నాను. ఇంకో ముక్క లోపలే ఉంది" అన్నారు. అది బయటికి వచ్చేదాకా ఆ పనివాడు కళ్లు మూసుకునే ఉన్నాడు.

తిరిగొచ్చాక జరిగింది ఫోర్‌మన్‌కు చెప్పాను.

"అయితే ఇన్ని దినాలూ తప్పు కిందనే ఉండిందా?" అన్నాడు.

"ఉండె భాయ్. నేనే సక్కగ చూడలే."

ఆ తర్వాత ఏ కారవాన్ వచ్చినా ముందు కొక్కెం విప్పించేవాణ్ణి. తొందరలో ఉన్న డ్రైవర్లు విసుక్కున్నా వినలేదు.