తవుడు పుచ్చుకున్న తల్లితో పాలకొల్లు పడవలో

మీ ఇంట పెంచుకున్న బిడ్డ ఉన్నదా? ఉంటే, ఆ బిడ్డను కన్న తల్లిని ఎన్నడైనా గడప లోపలికి పిలిచి కూర్చోబెట్టారా?

పాలకొల్లులో మన క్రైస్తవ సంఘపు బడిపంతులు, ప్రభువును నమ్మినవాడై ఉండి, చేటెడు తవుడిచ్చి బిడ్డను కొన్నాడని విన్నాను. పిల్లలు దక్కని ఇళ్ళలో మృత్యువును ఏమార్చడానికి బిడ్డను తవుడుకు అమ్మేసే పాత ఆచారమది. ఖండించి రావాలని వేదపుస్తకం చంకన పెట్టుకుని బయలుదేరాను. పెనుగొండలో తెల్లవారుతూనే బండి కట్టిస్తే పొద్దెక్కేసరికి కాలువ రేవు చేరవచ్చు. అక్కడినుంచి పడవకు మనిషికి అణా.

పడవలో నా ఎదుట ఎండుచేపల తట్టతో పోలమ్మ అనే బెస్త స్త్రీ కూర్చుంది. పడవవాడు ఆమెను ఎరుగును.

"ఏటే పోలమ్మా, ఇయాలైనా చేపలమ్ముతావా, ఆ పంతులుగారి గుమ్మంకాడే కూలబడతావా?"

"నీ పడవ నువ్వు తోసుకోరా," అని, ఆమె నావైపు తిరిగింది. "ఆరింట్లో ఉన్నది నా పిల్లేనండి. ముందు ఇద్దరు పోయారు. ఇదైనా బతుకుద్దని ఇచ్చేశాను. రేపు తుని ఎల్లిపోతన్నారంట. నన్నెవరని చెబుతారో ఏంటో."

వేదపుస్తకంలో ఉన్న, జమ్ముపెట్టెలో బిడ్డను ఏటి ఒడ్డున విడిచిన తల్లి సంగతి చెప్పాను. రాజుకూతురు పెంచుకుందన్నాను.

"పెద్దాడయ్యాక ఆ పిల్లోడు కన్నతల్లిని అమ్మా అన్నాడాండి?"

పుస్తకం తీసి వెదికాను. ఆ మాట అక్కడ లేదు. లేదనే చెప్పాను.

మధ్యాహ్నానికి పంతులు ఇల్లు చేరాము. పోలమ్మ బయటే నిలబడింది. పంతులు భార్య సుందరమ్మ ఏడేళ్ళ పిల్లతో వచ్చింది.

"ఎవరమ్మా?" అంది పిల్ల.

సుందరమ్మ పిల్లను ముందుకు తెచ్చింది. "నిన్ను కన్న అమ్మ. తవుడు పుచ్చుకుని నిన్ను నాకిచ్చింది. లోపలికి రా పోలమ్మా, కూర్చో."

"తవుడేం చేశావు?" అని పిల్ల పోలమ్మనడిగింది.

"కోళ్ళకేశానమ్మా."

"అంతా తినేశాయా?"

"అంతా తినేశాయి."

పిల్ల నవ్వింది. పోలమ్మ మజ్జిగ తాగి లేచింది.

తిరిగి రేవుకు నడుస్తూ, కోళ్ళు బాగా పెరిగాయా అని అడిగాను.

"కోళ్ళెక్కడియండి బాబూ. ఆ ఏడు గింజ పుట్టలేదు. జావ కాసుకుని నేనే తాగాను. పిల్లతో అనే మాటా అది?"

ఆచారం తప్పే, ఇప్పటికీ తప్పనే అంటాను. కాని ఆ ఆకలినాడు ఆమె గుమ్మానికి వేరే చేట ఏదీ రాలేదు. పంతులుకు చెప్పదలచిన ఖండన చెప్పకుండానే వచ్చేశాను.

ఈ దారిన వెళ్ళేవారు చద్ది కట్టుకుని వెళ్ళండి; లాకుల దగ్గర పడవ ఎంతసేపు ఆగేదీ చెప్పలేము. మీకు బిడ్డనిచ్చిన తల్లి బతికి ఉంటే మాత్రం ఆగకండి. ఈ పూటే కబురంపండి. దీపం పెట్టకముందే ఆమె ఎవరో బిడ్డకు చెప్పండి.