మారుమాట లేకుండా దొరికిన పుంజు

చర్ల సంతలో సగం ధరకు పుంజును కొట్టుకొచ్చిన మొనగాణ్ణి నేనే. రెండు వేల అయిదు ప్రాంతం మాట. కిరాణా కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, బేరంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. నేను సగం ధర అడగగానే అమ్మేవాడు మారుమాట లేకుండా పుంజును చేతిలో పెట్టాడు. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు.

మా మేనత్త పెరట్లో డజను కోళ్లు పెంచి, గుడ్లమ్ముకుని బతికేది. ఆమె కోళ్లలో కలుపుదామని నేను తెచ్చిన పుంజును చూడగానే, "గిదేంది అల్లుడా, పట్టపగలు తూగుతాంది? కొత్తదాన్ని మందల కలపకు. పదిదినాలు దూరంగ గంప కింద ఉంచు" అంది.

"ఎండకు అలిసింది అత్తా" అని, ఆమె గుడ్లమ్మడానికి వెళ్లగానే దాన్ని మందలో వదిలేశాను.

వారం తిరక్కుండానే కోళ్లు తెల్లగా పారుకుంటూ మెడలు మెలితిప్పుకోసాగాయి. కొక్కెర తెగులు, మందంతటికీ అంటుకుని తుడిచిపెట్టే రోగం.

"నిలబడ్డవాటిని జల్దీ సంతల అమ్మేద్దాం అత్తా, సగం రేటన్నా వస్తది" అన్నాను.

"అవ్, నీకు అమ్మినోడు గూడ గట్లనే అనుకున్నడు."

ఆమె పార నా చేతికిచ్చి, ఊరికి దూరంగా లోతైన గుంట తీయమంది. తూగుతున్న ప్రతి కోడినీ తానే పట్టి కోసింది, తనకిష్టమైన పొదిగే పెట్టతో సహా. సున్నం చల్లి పూడ్చాం.

ఇక లెక్క. పుంజు మీద నాకు మిగిలింది నలభై రూపాయలు. పోయినవి పుంజు, అత్త కోళ్లు పది. సున్నం మా కొట్లోదే. దానికి మాత్రం అత్త దగ్గర డబ్బులు తీసుకోలేదు.