నూటయాభైకి నాలుగు తక్కువ

మునేషన్న చేతిలో టేపు కనిపిస్తే రాబర్ట్‌సన్‌పేట షాపులవాళ్లకి గుండెల్లో రాయి పడుతుంది. ఇళ్లు కొలవడం, కందాయం, అంటే ఇంటిపన్ను, వెయ్యడం ఇరవై రెండేళ్లుగా ఆయన పని. అంగుళం వదలడు. పెళ్లికి పోయినా భోజనం సంగతి మరిచిపోయి హాలు పొడవెంతో లెక్కేసుకునే రకం. జనవరిలో నన్ను ఆయనకి జత చేశారు. ఆయన కొలిచి గట్టిగా చెబితే నేను ట్యాబ్‌లో ఎక్కించాలి. ఈ మూడు నెలల్లో ఇద్దరం పోట్లాడుకోని రోజు లేదు. మనిషి మంచివాడే. కానీ మంచితనానికైనా ఒక హద్దుండాలి కదా!

ఏప్రిల్ ఒకటి నుంచి కొన్ని పన్నులు రాష్ట్రం చేతిలోంచి మా ప్రాంతానికే వస్తాయన్నారు. దానికోసం కొత్తగా ఒక ప్రాధికార సంస్థ పెట్టారు. ఆ ఆఫీసుకి ఇంకా కుర్చీలు రాలేదు గానీ ఆర్డర్లు మాత్రం రోజుకి రెండు వస్తున్నాయి. మార్చి ముగిసేలోపు ప్రతి ఇల్లూ కొలవాలి, పేరుతో, నంబరుతో ఎక్కించాలి. పదిళ్లకి ఒక ఇల్లు పైవాళ్లు మళ్లీ కొలుస్తారు. తప్పు దొరికితే కొత్త సంస్థలో చోటు లేదు, పాత ఆఫీసు ఎలాగూ మూసేస్తున్నారు. మునేషన్నకి నిద్ర పట్టడం లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండానే లేచిపోతున్నాడు.

బజారులో ఉన్నన్ని రోజులూ మామూలు తంతే. మేం వస్తున్నామని తెలిసి ముందు రేకులు పీకేసేవాళ్లు, గోడౌన్‌ని గొడ్ల కొట్టం అనేవాళ్లు. బంగారు గని కూలీల వరస ఇళ్లకి, అంటే లైన్లకి, వచ్చేసరికి అంతా తలకిందులైంది. “మా ఇంటికి కందాయం వెయ్యప్పా” అని బతిమాలే మనుషుల్ని నేను మొదటిసారి అక్కడే చూశాను.

దానికి కారణం ఉంది. లైన్లో ఇళ్లన్నీ కంపెనీ కట్టినవి. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా ఎవరి దగ్గరా కాగితం లేదు. నూటయాభై చదరపు అడుగుల లోపు ఇళ్లకి కొత్త సంస్థ పన్ను మాఫీ చేసింది. పేదల మీద దయ. కానీ పన్ను లేని ఇంటికి నంబరు ఇవ్వరు, నంబరు లేకపోతే పేరు ఎక్కదు. అలాంటివన్నీ కలిపి ‘కంపెనీ స్థలం’ అని ఒకే ముక్క రాసెయ్యమన్నారు. రేపెవరైనా వచ్చి ఖాళీ చెయ్యమంటే చూపించడానికి ఒక రసీదు ముక్క కూడా ఉండదు.

కంపెనీ ఇల్లు పదిహేను అడుగుల పొడవు, తొమ్మిదిముక్కాలు వెడల్పు. అంటే నూట నలభై ఆరు. నలభై ఎనిమిది ఇళ్లలో పదిహేడు ఇళ్లవాళ్లు కంపెనీ వద్దన్నా వెనక ఇటుకలతో ఒక గది లేపుకున్నారు. వాళ్లకి ఇప్పుడు నంబరు వచ్చింది. రూలు రూలే అనుకుని ఉన్నది ఉన్నట్టు ఉంచుకున్న ముప్పై ఒక్క ఇళ్లవాళ్లకి రాలేదు. మాట విన్నవాళ్ల నోట్లోనే మన్ను పడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ముప్పై ఒకటిలో మునేషన్న ఇల్లు కూడా ఉంది. వాళ్ల నాయన చౌడప్ప ఆంధ్రా పల్లె నుంచి వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు గనిలోకి దిగినాయన. గోడకి మేకు కొట్టాలన్నా ఆఫీసుకి అర్జీ పెట్టేవాడట. గని మూసేశాక కూడా, అర్జీ తీసుకునేవాళ్లు లేరు కాబట్టి, మేకు కొట్టకుండానే పోయాడు. ఇప్పుడా ఇంట్లో ఉండేది తల్లి గంగమ్మ, మునేషన్న, ఆయన భార్య.

మూడు రోజుల్లో ముప్పై ఇళ్లకి మునేషన్న ‘లేదు’ అనేశాడు. పక్కింటి బచ్చప్ప కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

“నాలుగడుగులకి నా పేరు తుడిచేస్తావా మునేషా? అరుగు కలిపి రాయప్పా!”

“అరుగు మీద పైకప్పు లేదన్నా. నేనేం చేసేది?”

“నీ ఇంటికొచ్చినప్పుడు చూస్తాంలే!”

గురువారం ఆ ఇంటి వంతే వచ్చింది. గని మట్టి పోసిన సైనైడ్ గుట్టల మీంచి గాలికి తెల్ల దుమ్ము లేస్తున్నా లైనంతా వీధిలోనే నిలబడింది. గంగమ్మ గుమ్మంలో సిద్ధంగా ఉంది.

“మీ నాయన పోయినంక నా పేరు యాడుండాదో చెప్పు.”

“రేషన్ కార్డులో ఉండాది కదమ్మా.”

“బియ్యం తినేదానికి పేరుండాది, పండుకునే తావుకి లేదు. ఇంగ నేను యాడికి పోయేది?”

ఆయన టేపు తీశాడు. తర్వాత ఎవరూ మోసమనకుండా సున్నా ఉన్న చివరని ఇంటివాళ్లకే ఇవ్వడం ఆయన పద్ధతి. గంగమ్మ దాన్ని పట్టుకుంది. మునేషన్న లోపలికి, వెనక గోడ దాకా పోయాడు. ఆమె గడప దగ్గర ఆగాలి. ఆగలేదు. గడప దాటి, అడుగు అవతల, అరుగు మీద నిలబడింది.

అందరూ చూశారు. లోపలినుంచి మునేషన్న కూడా చూశాడు. అడ్డుచెప్పే మనిషే లేడక్కడ. ఆమెది చెల్లితే అందరిదీ చెల్లుతుంది.

“అమ్మా, గడపకాడికి రా” అన్నాడు.

ఆమె కదల్లేదు.

ఆయన మళ్లీ అడగలేదు. టేపు కేసి చూశాడు.

“పదహారు” అన్నాడు గట్టిగా, నాతో. “ప్రేమా, పదహారు. నూట యాభై ఆరు. పేరు గంగమ్మ.”

నేను ట్యాబ్‌లో ఎక్కించేశాను. నంబరు పడింది.

అప్పుడు భయపడింది గంగమ్మే. కొడుకు అబద్ధమాడటం ఆమె ఎన్నడూ విని ఉండదు. టేపు వదిలేసి లోపలికి పరిగెత్తింది.

“ఒద్దప్పా! నేను జరిగినాను, తప్పు నాది. పదిహేనే రాయమను. రేపు వాళ్లొచ్చి కొలిస్తే నీ పని పోతాది!”

మునేషన్న ఆమెను పక్కకి తప్పించి బయటికి వచ్చాడు. టేపు చివర నేల మీంచి తీసి బచ్చప్ప చేతిలో పెట్టాడు.

“పద అన్నా. యాడ నిలబడతావో నిలబడు.”

‘కంపెనీ స్థలం’ ముక్క ఇంకా పంపలేదు కాబట్టి, సాయంత్రం నాలుగున్నరకల్లా ముప్పై ఇళ్లూ మళ్లీ కొలిచి ఎక్కించేశాం. ఎవరూ కేకలు వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరూ వచ్చి తమ నంబరు ఫోన్లో ఫోటో తీసుకుని పోయారు. మునేషన్న నా మొహం చూడకుండా కొలతలు చెబుతూనే ఉన్నాడు. ఈ ముప్పై ఒకటిలో పైవాళ్లు మళ్లీ కొలిచే పదోవంతు అంటే మూడిళ్లు. ఆ మూడు ఏవో ఎవరికీ తెలియదు.

నేను ట్యాబ్ సంచిలో పెట్టుకుంటుంటే గంగమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

“ప్రేమమ్మా, నా పేరొకటీ తీసేసేదానికి అవుతాదా? నా ఒక్కదానిదే. వాడికేం కాకుండా ఉంటే చాలు.”

“అవదమ్మా. ఒకసారి ఎక్కితే ఇంక మార్చేదానికి లేదు” అన్నాను.

ఆమె తలూపి, కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంట్లోకి పోయింది. ఆరోజు ఎక్కించినవి ఆరుగంటల దాకా మార్చడానికి వీలుంది. నేను మార్చలేదు.