మూడు ఊళ్ల పార్కులు, ఒక గొంగడి

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పొద్దున శుభోదయం పూలు, సాయంత్రం తగాదాలు. ఈ మధ్య తగాదా అంతా పార్కు గురించే. వాకింగ్ ట్రాక్ చివర, నీళ్ల ట్యాంకు కింద ఒక కుటుంబం పరదా కట్టుకుని ఉంటోంది. వాళ్లను పంపించేయాలని కొందరు, పాపం ఉండనివ్వాలని కొందరు. ఉండనివ్వాలనే వాళ్లలో ఎక్కువమంది పార్కుకు దూరంగా ఉన్న వీధుల వాళ్లే. "మీరేమంటారు?" అని మా అధ్యక్షుడు నన్ను పేరు పెట్టి అడిగాడు. ఏమనాలో నాకు తెలియలేదు. ఊరెళ్తున్నాను, వచ్చాక చెబుతానని రాశాను. రాశాక ఇక వెళ్లక తప్పలేదు.

ఏ ఊరు వెళ్లినా అక్కడి పార్కులో కాసేపు నడుం వాల్చడం నాకు పాత అలవాటు. గుడి, బిర్యానీ ఆ తర్వాత. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒక చుట్టుగా తిరిగి రావచ్చు కాబట్టి అటు బయల్దేరాను. ఆరున్నరకు ఎల్బీనగర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తొమ్మిదిన్నరకల్లా సూర్యాపేటలో దిగవచ్చు. టికెట్ రెండు వందలు దాటలేదు. ఆడవాళ్లకు ఉచితం గనుక సీటు దొరకాలంటే మగవాళ్లు కాస్త ముందే రావాలి. నేను చౌటుప్పల్ దాకా నిలబడ్డాను.

టిఫిన్ చేసి, ఆటో మాట్లాడుకుని పిల్లలమర్రి గుళ్లు చూసి వచ్చాను. నల్లరాతి స్తంభాల నునుపు చూడడానికైనా ఒకసారి వెళ్లాలి, గంటన్నర చాలు. తిరిగి వచ్చి ఒక చిన్న పార్కులో బెంచీ మీద బ్యాగు తల కింద పెట్టుకుని పడుకున్నాను. కాసేపటికి కాపలా ఆయన వచ్చి, "సారూ, ముకం మీద ఎండ పడ్తది, గా చెట్టు కిందికి జరుగుండ్రి" అని మర్యాదగా లేపాడు. అదే నోటితో పక్క బెంచీ మీద గోనెసంచి పట్టుకుని పడుకున్న మనిషిని, "లే, లే. గిది పండుకునే జాగ కాదు" అన్నాడు. ఆ మనిషి లేచి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేనూ పడుకునే ఉన్నాను కదా అని అడిగాను.

"మీరు జర సేపైతే లేసి పోతరు సారూ. గాయన లేసి ఏడికి పోతడు?" అన్నాడు.

ఏడికీ పోలేడు కాబట్టి లేపాడన్నమాట. వాదించాలనిపించింది గానీ చెట్టు కింద నీడ బాగుంది.

కోదాడకు గంట ప్రయాణం. హైవే మీద బస్సులకు కొదవ లేదు. బస్టాండు దగ్గర భోజనం చేస్తుంటే మాటల్లో "అండి"లు వినబడడం మొదలైంది. పక్కనే ఆంధ్రా కదా. భోజనం తర్వాత ఒక కాలనీలో పార్కు కనబడింది గానీ గేటుకు తాళం. లోపల గడ్డి మోకాలెత్తు పెరిగింది, ఉయ్యాల గొలుసుకు తీగ అల్లుకుంది. ఎదురుగా సోడాబండి పెట్టుకున్నాయన్ని అడిగాను.

"రాత్రిళ్లు ఎవరో వచ్చి పడుకుంటున్నారని తాళమేసేశారండి. ఇప్పుడు ఎవరూ పడుకోట్లేదు. ఎవరూ కూర్చోట్లేదు కూడా."

"తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"ప్రెసిడెంటు గారి దగ్గరండి. ఆయన బెజవాడ వెళ్లారు."

"ఎప్పుడొస్తారు?"

"మొన్న రావాలండి."

నిమ్మసోడా తాగి మళ్లీ బస్టాండుకు నడిచాను. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ బస్సు సుమారు రెండు గంటలు తీసుకుంటుంది. నేను వెళ్లింది వరి కోతల కాలం. రోడ్డుకు ఒక పక్క అంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి, బస్సు మిగిలిన సగంలో నెమ్మదిగా పోయింది. కిటికీ పక్క సీటు దొరికితే ఈ దారంత బాగుండేది ఈ చుట్టులో మరొకటి లేదు. కోసిన పొలాల్లో అక్కడక్కడ గొర్రెల మందలు. మిర్యాలగూడ దగ్గర పడుతుంటే రైస్ మిల్లుల ఊక వాసన లోపలికే వచ్చింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని ముఖం కడుక్కుని, ఐదు గంటలకు పార్కుకు బయల్దేరాను.

ప్రభుత్వ దవాఖానకు నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉందా పార్కు. మధ్యలో రేకులు కప్పిన షెడ్డు, దాని చుట్టూ నడిచే దారి. షెడ్డులో ఒక స్తంభానికి ఆనుకుని పెద్దాయన కూర్చున్నాడు. ఒంటి నిండా గొంగడి. నాకు చెమట పడుతోంది, ఆయన వణుకుతున్నాడు. ఒకావిడ షెడ్డు చుట్టూ రాలిన ఆకులు ఊడుస్తోంది. బెంచీ మీద కూర్చున్న నన్ను చూసి కాపలాదారు సైదులు వచ్చి పలకరించాడు. "మీటింగుకు వచ్చిండ్రా సారూ?"

"ఏం మీటింగు?"

"వీళ్లను ఎల్లగొట్టాల్నా, ఉంచాల్నా అని. ఇయ్యాల తేలుస్తరంట."

మా గ్రూపు తగాదా నాకంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చుందనిపించింది. ఊడుస్తున్న ఆవిడ పేరు లింగమ్మ, పెద్దాయన ఆమె భర్త మల్లయ్య. గరిడేపల్లి వైపు ఊరు. తరాలుగా గొర్లు కాసుకునే ఇల్లు. మల్లయ్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఇక్కడి దవాఖానలో డయాలసిస్ చేయించాలి. ఊళ్లో మట్టిల్లు వానలకు కూలిపోయింది. ఉన్నా, రోజు విడిచి రోజు బస్సెక్కే ఓపిక ఆయనకు లేదు.

"కిరాయికి గది చూసుకోలేదా?" అని లింగమ్మనే అడిగాను.

"మస్తు జాగలల్ల అడిగిన సారు. ముందుగాల సరే అంటరు. ఈయన్ని సూడంగనే వద్దంటరు. కిరాయి ఇంట్ల మనిషి పోతే ఇంటికి మంచిది కాదంట. పార్కుకైతే ఓనరు లేడు గద, అడ్డం జెప్పడని వచ్చినం." చీపురు ఆపకుండానే చెప్పింది.

అద్దె ఇళ్లలో ఈ భయం నాకు కొత్త కాదు. మా పక్క వీధిలోనూ ఉంది.

ఇన్నాళ్లు ఉండనిచ్చిన వాళ్లు ఇప్పుడెందుకు వద్దంటున్నారో సైదులు చెప్పాడు. చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయాడు. వీళ్లు వచ్చినప్పుడు మందలో మిగిలిన పదో పన్నెండో జీవాలు ఈ ఊరి బయట బంధువుల దగ్గర ఉన్నాయట. కోతలయ్యాక రైతులు గొర్లను పొలంలో పడుకోబెట్టించుకుంటారు. దాన్ని మంద పెట్టడం అంటారు. ఎరువు పొలానికి, తిండి కాపరులకు. ఎవరి నేల మీద పడుకుంటే వాళ్లకు అలా ఏదో ఒకటి చేసి వెళ్లడం లింగమ్మకు తెలిసిన మర్యాద. పార్కులో గడ్డి ఎండిపోయి ఉంది. ఊరికే ఉండనిస్తున్నారే అని ఆవిడ ఒక సాయంత్రం గేటు మూసే ముందు ఆ జీవాలను తోలుకొచ్చి గడ్డి మీద మంద పెట్టింది. తెల్లారి అయిదింటికి వాకింగ్ వాళ్లు వచ్చేసరికి దారి నిండా పెంటికలు, బంతిపూల మడిలో కాడలు తప్ప ఏమీ లేవు. గోడ దిక్కున రోజా మొక్కలు కూడా సాఫ్.

"ఆమె నవ్వుకుంట ఎదురువోయింది సారూ, శభాష్ అంటరనుకున్నది!" అన్నాడు సైదులు.

లింగమ్మ ఆ రోజే ఆ జీవాలను అమ్మేసింది. గడ్డి ఒక మూల కాస్త పచ్చబడిన మాట నిజమే, కానీ పూల మడి ఇంకా బోడిగానే ఉంది.

ఆరు గంటలకు వాకింగ్ వాళ్లు షెడ్డు ముందు చేరారు. వాళ్ల పెద్ద విజయ మేడం, రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. ఆవిడ చెప్పిన కారణాలూ తీసిపారేసేవి కావు. "ఇదివరకు గిట్లనే పాపమని ఊరుకుంటే తాగుబోతులు చేరిండ్రు. సీసాలు మేమే ఏరినం. ఇక్కడ ఉన్నది ఒక్క బాత్రూం. పొద్దున షెడ్డులో యోగా చేసుకుంటం. ఒకరిని ఉండనిస్తే రేపు ఇంకొకరిని ఎట్ల వద్దంటం?" అన్నారు. పక్కన తెల్లబూట్లాయన తల ఊపాడు. ఆ తెల్లవారుజామున మొదట పెంటికల్లో కాలు వేసింది ఆయనేనని సైదులు నా చెవిలో చెప్పాడు.

తర్వాత తెల్లబూట్లాయన అసలు మాట అన్నాడు. "అదంత పక్కన పెట్టుండ్రి. రేపు గిక్కడ ఏమన్నైతే ఎవరిది జవాబు?"

మల్లయ్య అక్కడే, ఆరడుగుల దూరంలో ఉన్నాడు. గొంగడి కొస కాస్త పైకి లాక్కున్నాడు. నాకు ఆ మనిషి మీద కోపం వచ్చింది. మా కాలనీలో మీటింగు పెట్టి ఉంటే ఈ ప్రశ్న నేనే అడిగి ఉండేవాణ్నేమో, అందుకే ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు.

లింగమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చింది. బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు.

"లేవమంటే లేస్తం మేడం. లేసుడు మాకు కొత్త కాదు. కని మాదాంట్ల ఒక పద్దతుంటది. చేన్ల మంద పెట్టినంక రైతు ఇగ సాలు అంటడు. అన్నోడు ఊకె అనడు. పక్క చేను రైతుకు కబురు చేసి, రేపు మీ దాంట్ల అని ఒప్పిచ్చి, తొవ్వ సూపిస్తడు. తొవ్వ సూపకుంట మందను లేపినోన్ని నేను ఇప్పటిదాక సూడలే. మీరు గూడ సూపుండ్రి. ఏడికంటే గాడికి పోతం."

ఒక్కొక్కరే దారి చూపడం మొదలుపెట్టారు. బస్టాండు అన్నారొకరు. అక్కడినుంచే వచ్చామంది. దవాఖాన వరండా అన్నారు. రాత్రి మంచం పక్కన ఒక్కరినే ఉండనిస్తారు, అదీ మంచం ఇచ్చినప్పుడే అంది. గుడి అన్నారు. మండపానికి రంగులు వేస్తున్నారంది. అన్నీ ఆవిడ తిరిగి వచ్చినవే. చివరికి తెల్లబూట్లాయనే, "మేడం, మీ కింది పోర్షను ఖాళీగనే ఉన్నది గద" అన్నాడు.

విజయ మేడం ముఖం ఎర్రబడింది. "మా అత్తమ్మ ఒప్పుకోదు" అన్నారు. ఇంకేదో అనబోయి ఆపి, మల్లయ్య వైపు చూసి, పూల మడి వైపు చూశారు. "సరే. పక్క జాగ మేము చూపించేదాక ఉండుండ్రి. రాత్రి గేటు పడ్డంక పక్కలు పరవాలె, పొద్దున అయిదింటికల్లా ఎత్తాలె. జీవాలు మాత్రం వద్దు."

"ఇప్పుడు గూడ గట్లనే ఉంటుండ్రు గద మేడం?" అన్నాడు సైదులు.

"ఇప్పటిదాక వాళ్లంతట వాళ్లు ఉన్నరు. ఇగ నుంచి మేము ఉండమంటే ఉంటరు" అన్నారావిడ.

తేడా ఏమిటో సైదులుకు అర్థం కాలేదు. లింగమ్మకు అర్థమైనట్టుంది. దండం పెట్టలేదు గానీ వెళ్లి మల్లయ్య పక్కన కూర్చుని, గొంగడి సర్ది, "ఇగ పండుకో, ఎవ్వలు లేపరు" అంది. తెల్లబూట్లాయన జవాబు దొరకని తన ప్రశ్నతోనే ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు వాడపల్లి వెళ్లి మూసీ కృష్ణలో కలిసే చోటు చూడాలనుకున్నాను. బస్సెక్కే ముందు ఆరు గంటలకు మళ్లీ పార్కుకు వెళ్లాను. షెడ్డులో ఆ ఇద్దరూ లేరు, యోగా వాళ్లు చేరుతున్నారు. మూటలు స్తంభం పక్కన చుట్టి పెట్టి ఉన్నాయి. లింగమ్మ మల్లయ్యను తీసుకుని దవాఖానకు వెళ్లిందట, ఆ రోజు ఆయన వంతు. గచ్చు కడిగి వెళ్లింది, ఇంకా ఆరలేదు.

పార్కుల్లో జనం కాపురం ఉండవచ్చా అంటే, ఉండకూడదనే ఇప్పటికీ అంటాను. రేకుల షెడ్డు కింద ఉండాల్సిన వయసూ కాదు, జబ్బూ కాదు వాళ్లది. పిల్లలకు ఆడుకునే జాగా కావాలి, పెద్దలకు నడిచే దారి కావాలి. అయితే లేపడం తేలికైన పని. సూర్యాపేటలో ఒక్క మాటతో అయింది, కోదాడలో ఒక తాళంతో అయింది. లేచిన మనిషి ఎటు వెళ్లాలో చెప్పే పనే మిర్యాలగూడలో అంతమంది కలిసి కూడా చేయలేకపోయారు. కాకపోతే చేయలేకపోయామని ఒప్పుకున్నారు. వాడపల్లి బస్సులో కూర్చుని మా గ్రూపులో నా అభిప్రాయం రాశాను: ఎక్కడికి వెళ్లమంటామో ముందు చెప్పండి, ఆ తర్వాత లేపుదాం. రెండు రోజులైంది. శుభోదయం పూలు వస్తున్నాయి, దానికి మాత్రం ఎవరూ బదులివ్వలేదు.

మీరు ఈ చుట్టు తిరగాలనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. మిర్యాలగూడలో ఉదయం ఆ పార్కుకు వెళ్తే షెడ్డు గచ్చు తడిగా ఉంటుంది, చెప్పులు మెట్టు కిందే విడిచి ఎక్కండి. మొదటి రోజు సాయంత్రం అందరూ చెప్పులతోనే ఎక్కడం చూశాను కాబట్టి మర్నాడు పొద్దున నేనూ అలాగే ఎక్కబోయాను. సైదులు చేయి అడ్డం పెట్టి కిందికి చూపించాడు. మెట్టు పక్కన వరసగా చెప్పులు, వాటి చివర ఒక జత తెల్లబూట్లు ఉన్నాయి.