బావ వాలు

మా వృత్తిలో దెయ్యం అంటే వేరే. యాంటెన్నాల రోజుల్లో బొమ్మ పక్కనే ఇంకో బొమ్మ నీడలా పడితే దాన్ని ‘గోస్ట్’ అనేవాళ్లం. డాబా ఎక్కి యాంటెన్నాని కాస్త తిప్పితే అది పోయేది. నాకు తెలిసిన దెయ్యం అదొక్కటే. మిగతావాటిని నేను ఎప్పుడూ నమ్మలేదు, నమ్మేవాళ్లతో వాదించే ఓపికా లేదు. ఇది చదివి నమ్మమని కూడా ఎవరినీ అడగను. చూసింది చూసినట్టు చెప్పి ఊరుకుంటాను.

రాజాంలో నాకు టీవీ రిపేరు షాపు ఉంది. ఇప్పుడక్కడ చేసేదల్లా సెట్‌టాప్ బాక్సులు, రిమోట్లు, బోర్డు మార్చడాలు. ఒకప్పుడు ఆ షాపు నాదీ మా బావదీ. బావంటే మా అప్ప భర్త, అప్పలసూరి. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకు పని నేర్పింది ఆయనే.

డబ్బా టీవీల లోపలి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. అందులో పిక్చర్ ట్యూబు ఉంటుంది, వెనకవైపు సన్నటి మెడ ఉన్న పెద్ద గాజు బుడ్డి. ఆ మెడలోంచి ఎలక్ట్రాన్ల ధార బయల్దేరి తెర వెనక పూతకి తగులుతుంది. తగిలిన చోటల్లా వెలుగుతుంది. మెడ చుట్టూ రాగితీగ చుట్టిన కాయిల్ ఒకటి ఉంటుంది, దాన్ని యోక్ అంటాం. ధారని పక్కలకీ, పైకీ కిందకీ వంచి తెరంతా గీతలు గీయించేది అదే. యోక్‌ని కాస్త తిప్పి బిగిస్తే బొమ్మ మొత్తం ఆ వైపుకి వాలిపోతుంది. ఇక ఆ ధార తెర మీద ఎంత సన్నగా పడాలో చూసేది ఫోకస్. దానికో చిన్న మర ఉంటుంది, తిప్పితే మసకబారిన ముఖం తేటపడుతుంది.

ఫోకస్ పెట్టడంలో బావకి సాటి లేదు. వార్తలు చదివే అమ్మాయి కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించేదాకా వదిలేవాడు కాదు. యోక్ దగ్గరే వచ్చింది తంటా. ఒకసారి ఎవరి డాబా మీదో యాంటెన్నా బిగిస్తూ జారిపడ్డాడు. ఆయన మెడ కుడివైపుకి వాలి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయన బిగించిన ప్రతి టీవీలోనూ బొమ్మ కుడివైపుకి వాలేది. మరీ ఎక్కువ కాదు, అడుగున పాకే వార్తల పట్టీ కుడి కొసన వేలెడు కిందకి దిగేది. ఆయన కంటికి అదే తిన్నగా ఉండేది.

“మీ బావ సేసిన టీవీ సూడాలంటే ఇంటిల్లిపాదీ మెడ వంకరెట్టుకుని కూకోవాల” అని వచ్చినవాళ్లు నవ్వేవారు. దానికి ‘బావ వాలు’ అని పేరు పెట్టింది నేనే. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు నేను మళ్లీ తిన్నగా తిప్పి బిగించేవాణ్ని. ఆయనకీ ఆ సంగతి తెలుసు. యోక్ బిగించిన మర కదలకుండా దాని మీద అప్ప గోళ్ల రంగు ఒక చుక్క పెట్టడం ఆయన అలవాటు. నాకూ అదే అబ్బింది. ఎండిన రంగు పగలకుండా ఆ మర తిరగదు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

బావ గుండెపోటుతో పోయాడు. అప్ప ఏడవలేదు. అదే మమ్మల్ని భయపెట్టింది. పొద్దున్న కూర్చున్న చోటే సాయంత్రం దాకా ఉండేది. కంచం ముందు పెడితే నాలుగు మెతుకులు కెలికి పక్కకి నెట్టేసేది. అసలే షుగర్ మనిషి. మాత్రలు వేసుకుని తిండి మానేస్తే ఏదో ఒకరోజు పడిపోతుందని డాక్టరు మమ్మల్ని కోప్పడ్డాడు. శ్రీకాకుళం తీసుకెళ్లి సెలైన్ ఎక్కించి తెచ్చాం. మళ్లీ అదే వరస. అప్ప కూతురు ఉష తల్లి దగ్గరే ఉంటుంది, బట్టల షాపులో పని. అది పనికీ ఇంటికీ మధ్య, నేను షాపుకీ ఆ ఇంటికీ మధ్య తిరిగి తిరిగి అలిసిపోయాం. బతిమాలడానికి కూడా మాటలు అయిపోయాయి.

ఆ రోజుల్లోనే వాళ్లింటి టీవీ పాడైంది. తెర మీద బొమ్మ పోయి ఒకటే అడ్డగీత మిగిలింది. బాగుచేశాను. చేతి అలవాటు కొద్దీ, బావ వాల్చి బిగించిన యోక్‌ని తిన్నగా తిప్పి, రంగు చుక్క పెట్టి తెచ్చిచ్చాను. అప్ప ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది.

కొద్ది రోజులకి అప్ప ఫోను చేసింది. బావ పోయాక తనంతట తాను ఫోను చేయడం అదే మొదలు.

“ఒరే, టీవీలో బొమ్మ వాలిపోనాది. ఓపాలి వచ్చి సూడు.”

మిట్టమధ్యాహ్నం వెళ్లాను. వార్తల పట్టీ కుడి కొసన వేలెడు కిందకి దిగి ఉంది. ఆ వాలుని నేను ఎక్కడున్నా పోల్చగలను, ఏళ్ల తరబడి సరిచేసినవాణ్ని. అంతకంటే వింత, బొమ్మ తేటగా ఉంది. ముసలి ట్యూబు అది, ఫోకస్ ఎంత తిప్పినా మసకగానే ఉండేది. ఇప్పుడు కనురెప్పల వెంట్రుకలు కనిపిస్తున్నాయి.

వెనక మూత విప్పాను. రంగు చుక్క పగల్లేదు. యోక్ కదల్లేదు.

నేను కంగారు పడలేదు. యోక్ కదలకపోయినా ధార వంగడానికి కారణాలుంటాయి. దగ్గర్లో అయస్కాంతం ఉంటే వంగుతుంది. ఇనప బీరువా చాలు, ఇన్వర్టరు చాలు. టీవీని తూర్పు నుంచి ఉత్తరానికి తిప్పి పెట్టినా భూమి అయస్కాంతానికి కాస్త తేడా వస్తుంది. బీరువా జరిపించాను. ఇన్వర్టరు ఆపించాను. టీవీని గదంతా తిప్పి చూశాను. తెరకి అయస్కాంతం పడితే వదిలించే కాయిల్ తెచ్చి తిప్పాను. చెమటలు కారిపోయాయి గాని వాలు పోలేదు.

విసుగొచ్చి షాపుకి మోసుకెళ్లాను. అక్కడ బొమ్మ తిన్నగా, ఎప్పటిలాగే మసకగా ఉంది. తిరిగి తెచ్చి పెట్టాను. అప్ప అన్నం వేళకి మళ్లీ వాలింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, నేను ఎదురుగానే కూర్చున్నాను.

“మీ బావకి నిటారుగా ఉంటే నచ్చదు కదరా” అంది అప్ప. అని కంచం దగ్గరకి లాక్కుంది.

మర్నాడు ఉష షాపుకి వచ్చింది. “మావా, అమ్మ తింటన్నాది. బొమ్మ వాలినప్పుడే తింటాది. నీకు దండం, ఆ టీవీని ఇంక ముట్టుకోకు.” దాని మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. నేనూ ఇంక కారణం వెతకలేదు.

కానీ ట్యూబులకి ఆయుష్షు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి రంగులు వెలిసిపోయాయి. తర్వాత హైవోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్ చిటపటలాడడం మొదలైంది. దానికోసం నరసన్నపేట వెళ్లాను, విజయనగరంలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. “ఇంకా ఇయి సూసేవోలు ఉన్నారేటి బాబూ?” అని ఒక కొట్టాయన జాలిపడ్డాడు. ఉన్నారని, ఆ టీవీ ఆరిపోతే మా అప్ప ఏమవుతుందో తెలియదని ఆయనకి ఎలా చెప్పను? దొరికినవేవో అతికించుకుంటూ వచ్చాను.

ఒక పూట అప్ప తింటుండగా తెర మధ్యలో తెల్లటి చుక్క మిగిలి, మెల్లగా ఆరిపోయింది.

“అయిపోనాదా?” అంది అప్ప. నేను అవునన్నాను. అప్ప చెయ్యి కడిగేసుకుంది.

ఉష ఎల్‌ఈడీ టీవీ కొంది. దాన్ని గోడకి బిగించే పని నాదే. అందులో ట్యూబు లేదు, ధార లేదు, యోక్ లేదు, ఫోకస్ మర లేదు. ప్రతి చుక్కా ఉన్నచోటే ఉండి వెలుగుతుంది. వంచడానికి ఏమీ లేదు. స్టాండుని కాస్త వాల్చి బిగించేద్దామా అని ఆలోచించాను కూడా. అప్పని మోసం చెయ్యడానికి మనసొప్పలేదు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, బుడగ నడిమధ్యకి వచ్చేలా బిగించాను. బొమ్మ తిన్నగా వచ్చింది. అప్ప చూడను కూడా లేదు. కంచాలు మళ్లీ నిండుగా వెనక్కి వెళ్లడం మొదలైంది. ఉష, నేను ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం.

ఒక మధ్యాహ్నం ఉష ఫోను చేసింది. “మావా, నువ్వేటైనా టీవీని వాల్చి బిగించినావా?”

వెళ్లాను. టీవీ చట్రం గోడ మీద తిన్నగా ఉంది. రసమట్టం పెట్టి చూశాను, బుడగ మధ్యలోనే ఉంది. చట్రం లోపల బొమ్మ మాత్రం కుడివైపుకి వాలి ఉంది. పట్టీ కొస వేలెడు కిందకి దిగింది. పై కుడి మూలలో, కింది ఎడమ మూలలో సన్నటి నల్లటి సందు, డబ్బా టీవీల్లో యోక్ తిరిగితే వచ్చే సందే.

అప్ప ఎదురుగా కూర్చుని తింటోంది. తల కుడివైపుకి వాల్చుకుని, ముద్ద కలుపుకుంటూ నన్ను అడిగింది. “సరిసేసేస్తావేటి?”

“ఇందులో నేను సరిసేసేది ఏటీ నేదప్పా.”

“అయితే కూకో. నువ్వూ తిను. ఎలాగ సిక్కిపోనావో సూసుకున్నావా?”

ఉష నాకూ కంచం పెట్టింది. ఆకలి అప్పుడు తెలిసింది. కొంత తిన్నాక గమనించాను, నా మెడ కూడా కుడివైపుకి వాలి ఉంది.

ఆ రోజు ఫోనులో ఫోటో తీశాను. అందులో వాలు కనిపిస్తుంది గాని, నేనే ఫోను వంచి పట్టుకున్నానని ఎవరైనా అంటే కాదని చెప్పలేను. కంపెనీ మెకానిక్కుని పిలుద్దామని ఒకసారి అనుకున్నాను. పిలవలేదు. ధారే లేనిచోట ఏం వంగుతోందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అప్ప తింటోంది. కారణం దొరికితే దాన్ని సరిచేయాల్సి వస్తుందేమోనని వెతకడం మానేశాను.