అంకెల పేర్ల ఫైళ్ళు

పోయిన వారం హిందూపురంలో నా గదిలో ఉండే సహోద్యోగి తన పాత లాప్‌టాప్ తెచ్చి, ఆట ఆడుతుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతోందని, ర్యామ్ నాలుగు జీబీలే కాబట్టి ఏమైనా చేయగలవా అని అడిగాడు. ఏ పనికైనా ముందు జాబితా రాసుకోవడం నా అలవాటు. వెనకాల నడిచే ప్రోగ్రాములు మూసేయడం, లాప్‌టాప్ తెరవగానే మొదలయ్యేవాటిని ఆపడం, ఆటలో నీడలూ రిజల్యూషనూ తగ్గించడం అని మూడు రాశాను గానీ, నాలుగోది రాయడానికి చెయ్యి రాక, రేపు చూద్దామని లేచిపోయాను.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంటికి ఒకటే కంప్యూటర్, అదీ ఎవరి పని కోసమో కొన్నది. మా ఇంట్లో అది చిన్నాయనది. ఆయన ధర్మవరంలో పట్టుచీరలకు అంచులు గీసేవాడు. మొదట్లో గళ్ళ కాగితం మీద, గడికొక పోగు చొప్పున రంగు పెన్సిళ్ళతో నింపేవాడు. షుగర్ కళ్ళకు తగిలాక, తెర మీదైతే గడి పెద్దదిగా కనిపిస్తుందని, అప్పుడే హిందూపురం పాలిటెక్నిక్‌లో చేరిన నేనే పట్టుబట్టి పాత లాప్‌టాప్ ఒకటి కొనిపించాను.

డిజైన్ గీసేవాళ్ళకు అన్నిటికన్నా పెద్ద భయం దొంగతనం. ఈ వారం ఒక మగ్గం మీద కనిపించిన అంచు వచ్చే వారం పక్క వీధి మగ్గం మీద ఉంటుంది. అందుకని చిన్నాయన, డిజైను కంప్యూటర్‌లోకి ఎక్కగానే దాని కాగితాన్ని పొయ్యిలో పెట్టేసేవాడు. పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి ఉంచుకోమంటే, అది ఎవరి జేబులో పడుతుందోనని ఒప్పుకునేవాడు కాదు. ఫైలుకు పేరు పెట్టినా ఆరా తీస్తారని, ఆ అంచు నేయడానికి, ఏ పోగు లేపాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు ఎన్ని కావాలో ఆ అంకె మాత్రమే పెట్టేవాడు. ఈ అంకెల సంగతి అప్పట్లో నాకూ తెలియదు.

నా మొదటి సంవత్సరం పూర్తయిన ఎండాకాలం ఆయన దగ్గర ఎవరికీ చూపని అంచులు పదకొండు ఉండేవి, ముందు కాగితం మీదా తర్వాత తెర మీదా రెండేళ్ళుగా గీసినవి. కళ్ళు ఇక సాగవని, ఇవే ఆఖరివని, వీటిలో ఒక్కటైనా చీరగా దిగితే చూసి మానేస్తానని చిన్నమ్మతో అనేవాడు. శ్రావణం పెళ్ళిళ్ళకు చీరలు నేయించే షావుకారు, శుక్రవారం వచ్చి చూస్తానని కబురు పెట్టాడు.

అంతకు ముందు ఆదివారం చిన్నాయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, సెలవులకు ఇంట్లో ఉన్న నేను ఆ లాప్‌టాప్‌లో కార్ల పందెం ఆట పెట్టుకున్నాను. మలుపు వచ్చేసరికి కారు బిగుసుకుపోయేది. ఏడు అంశాలతో జాబితా రాసుకున్నాను. నాలుగోది, పనికిరాని పెద్ద ఫైళ్ళు తీసేయడం. ఒక ఫోల్డరులో ఏ గుర్తూ లేని, ఉత్త అంకెల ఫైళ్ళు కనిపించాయి. కంప్యూటర్ తనకు తానే రాసుకునే తాత్కాలిక ఫైళ్ళకూ అట్లాంటి పేర్లే ఉంటాయి కదా అనుకొని, చెత్తబుట్టలోకి కూడా పోకుండా శాశ్వతంగా తీసేశాను. ఐదోది, ఆటను మళ్ళీ కొత్తగా ఎక్కించడం. ఏడూ అయ్యేసరికి కారు మలుపు హాయిగా తిరిగింది.

శుక్రవారం షావుకారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చిన్నాయన ఫోల్డరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"యాడికి పోయినాయప్పా ఇవి?" అని తెరనే అడిగాడు.

ఆ ఖాళీ ఫోల్డరు చూడగానే, నేను తీసేసిన అంకెల ఫైళ్ళు ఏమిటో నాకు అర్థమైంది. "వైరస్ వచ్చింటాది చిన్నాయనా" అన్నాను. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి అందరూ నమ్మారు.

"కాగితానికైతే చెదలు పడ్తాది, దీనికి ఇదా? ఏమప్పా, రెండేండ్ల పని పురుగు తినేసిందా?" అని షావుకారు నవ్వి, మజ్జిగ తాగి, ఇంకొకాయన ఇంటికి వెళ్ళిపోయాడు.

పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాములన్నీ నాలుగు రోజులు నడిపాను. డిస్కులో వాటి చోట్లో అప్పటికే నేను కొత్తగా ఎక్కించిన ఆట కూర్చుంది. ఒక్క ఫైలు మాత్రం తెరుచుకుంది, నిండా బూడిదరంగు గీతలతో. చిన్నాయన గుర్తున్నంత మేరకు మళ్ళీ గీయబోయి, గడులు అలుక్కుపోతున్నాయని పెన్సిల్ పక్కన పెట్టాడు. మరుసటి ఏడాది పెనుకొండ దగ్గర ఒక గోడౌను గేటు కాపలాకు కుదిరి, అక్కడే కాపురం పెట్టాడు.

రెండో సంవత్సరం పాఠంలో లెక్చరర్ బోర్డు మీద రెండు డబ్బాలు గీసి, ర్యామ్ వేరు, డిస్కు వేరు, డిస్కులో ఫైళ్ళు తీసేస్తే ర్యామ్ పెరగదని చెప్పారు. మా లాప్‌టాప్ డిస్కు సగం ఖాళీగానే ఉండేది. అంటే నా జాబితాలో నాలుగోది ఆటకు ఏమీ చేయలేదు. మిగతావే చాలు.

నిజం చెప్పాలని ఎన్నోసార్లు పెనుకొండలో దిగాను. దిగిన ప్రతిసారీ ఆయన ఎవరో ఒకరికి నన్ను చూపించి, "నాలుగు దినాలు కూడు కూడా సరిగా తినకుండా ఎతికినాడు మావోడు. నాకన్నా వానికే ఎక్కువ బాధ" అంటాడు. నేను టీ తాగి వచ్చేస్తాను.

ఇప్పుడు ధర్మవరంలో డిజైన్లు ఫోన్లలోనే తిరుగుతున్నాయి, దాచుకునేవాళ్ళు లేరు, పొయ్యిలో కాగితం పెట్టేవాళ్ళు అసలే లేరు. దొంగతనమన్న మాటే పాతబడింది. నా లాప్‌టాప్‌లో పదహారు జీబీలున్నాయి. ఆ పదకొండు అంచులు ఎట్లా ఉండేవో మాత్రం లోకంలో ఆయన ఒక్కడికే తెలుసు, నేను చూడనైనా చూడలేదు. మొన్న అడిగాను. కాసేపు గాలిలో వేలితో ఏదో గీసి, మధ్యలో ఆగిపోయి, తర్వాతి మలుపు తనకూ గుర్తు రావడం లేదన్నాడు.